ముందు ఫిర్యాదుదారుడికి వైద్యపరీక్ష

ఒక డాక్టరు వైద్యం చేయడానికి తగినవాడేనా అన్న అనుమానం వస్తే, ముందు తేల్చాల్సింది డాక్టరు సంగతి కాదు, అనుమానపడ్డ మనిషి సంగతి. పాత గొడవలేమైనా ఉన్నాయా? ప్రమోషన్ రాలేదా? నలుగురితో కలిసి పనిచేసే స్వభావమేనా? ఈ పరీక్షలో ఇంతవరకూ ఎవరూ పాసవలేదు. పరీక్ష అంత పకడ్బందీగా ఉంది మరి.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌ ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు స్టీఫెన్ బోల్సిన్‌నే తీసుకోండి. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1990లోనే పై అధికారికి ఉత్తరం రాశాడు. అంతటితో ఊరుకున్నాడా? లెక్కలు కూడా పోగేశాడు! తోటి డాక్టర్ల పనికి మార్కులు వేయడం ఏం మర్యాద? చివరికి సొంత దేశంలో పని పుట్టక ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1991-95 మధ్య బ్రిస్టల్‌లో ఏడాదిలోపు పిల్లలు, ఉండాల్సిన దానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని విచారణ సంఘం 2001లో అంచనా వేసింది. ఆలస్యం అంటారు గానీ, తొందరపడలేదని మెచ్చుకునేవారే లేరు.

ఆస్ట్రేలియాలోనూ ఇదే రగడ. బండబర్గ్ ఆసుపత్రిలో సర్జన్ జయంత్ పటేల్ మీద ఐసీయూ నర్సు టోనీ హాఫ్‌మన్ మొరపెట్టుకుంది. సర్జన్ మీద, నర్సు! పైవాళ్లకు అది ఇద్దరికీ పడకపోవడంగానే తోచింది. అమెరికాలోని ఒరెగాన్‌ రాష్ట్రంలో 2000లోనే ఆయన ఆపరేషన్లకు ఆంక్షలు పెట్టారని 2005లో ఒక విలేకరి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్నాడు. 2003లో ఉద్యోగమిచ్చిన పెద్దలు అలా వెతకలేదు. నమ్మకమంటే అదీ.

పోలీసుల దాకా వెళ్తే? 1998లో ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు పేషెంట్లు మరీ ఎక్కువమంది పోతున్నారని పొరుగు క్లినిక్ డాక్టరు అధికారులకు చెప్పింది. పోలీసులు చూసి, ఏమీ లేదని మూసేశారు. దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసినందుకు 1976లో ఆయనకు పడిన శిక్ష రికార్డు ఎవరూ తిరగేయలేదు. ఆ తర్వాత షిప్‌మన్ ఇంకో ముగ్గురు పేషెంట్లను చంపాడు.

ఈ అనుభవాలన్నీ చూశాక నిబంధనల్లో కొన్ని సవరణలు ప్రతిపాదిస్తున్నాను. ఫిర్యాదు ఆధారం లేకుండా వస్తే పుకారు కింద, ఆధారంతో వస్తే రోగుల ఫైళ్లు అక్రమంగా చూసిన నేరం కింద నమోదు చేయాలి. సంతకం లేని ఉత్తరం ఆకాశరామన్నది కాబట్టి చెత్తబుట్టకు పంపాలి. సంతకం ఉన్నది, రాసినవారి పూర్తి చిరునామాతో సహా, వివరణ కోసం నేరుగా ఆ డాక్టరుగారి టేబుల్ మీదికే.