రిమోట్ నొక్కితే టెయిల్‌గేట్ పోదా?

టెక్సస్‌లో పికప్ ట్రక్కులు కొన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. టెయిల్‌గేట్ అంటే ట్రక్కు వెనక సామాను వేసే తొట్టికి (బెడ్‌కి) ఉండే, కిందికి దిగే తలుపు, అదే రెక్క. ఫార్వర్డ్ సారాంశం ఇది: "టెయిల్‌గేట్ దొంగతనాల గురించి టెన్షన్ వద్దు. రిమోట్‌తో లాక్ చేస్తే చాలు. కెమెరా ఉన్న కొత్త బండ్ల జోలికి దొంగలు రారు. ఇంకా అనుమానముంటే నాలుగు డాలర్ల క్లాంప్ బిగించండి, ఇక ఎవడి తరమూ కాదు. ఒకవేళ పోయినా ఇన్సూరెన్స్ ఇస్తుంది."

క్లాంప్ సంగతిలో సగం నిజం ఉంది. మిగతావి నమ్ముకుంటే కష్టం.

అసలు అది ఎలా ఊడుతుందో ముందు చూడండి. మామూలు టెయిల్‌గేట్ దించితే రెండు పక్కలా రెండు కేబుళ్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. కేబుల్ చివరి స్ప్రింగ్ క్లిప్పును స్క్రూడ్రైవర్ మొనతో కాస్త ఎత్తితే వదిలేస్తుంది. తలుపును సుమారు 45 డిగ్రీలకు లేపితే కుడివైపు కీలు గాడిలోంచి పైకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎడమవైపుది పక్కకి జరిపితే మొత్తం చేతికొస్తుంది. అలవాటున్నవాడికి నిమిషం కూడా పట్టదు. ఇది తయారీలో పొరపాటు కాదు. పెద్ద ట్రైలర్లు తగిలించుకునేవాళ్లూ, పొడవాటి సామాను వేసుకునేవాళ్లూ సులువుగా తీసి పెట్టుకోవాలని కంపెనీలే అలా చేశాయి.

ఇక "రిమోట్‌తో లాక్ చేస్తే చాలు" అన్న మాట. చాలా ట్రక్కుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, చవక ట్రిమ్‌లలో (అదే మోడల్‌లో తక్కువ ధర రకాల్లో) రిమోట్ నొక్కితే తాళం పడేది డోర్లకే. టెయిల్‌గేట్‌కి విడిగా తాళంచెవి తిప్పాలి. కొన్నిటికి ఆ తాళమే ఉండదు. మీ బండి సంగతి తేల్చుకోవడం క్షణం పని: రిమోట్‌తో లాక్ చేసి, వెనక్కి వెళ్లి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందంటే ఆ ఫార్వర్డ్ మీకు పనికిరాదు. తాళం పడితే మాత్రం మంచిదే, హ్యాండిల్ విరగ్గొట్టకుండా తలుపు దిగదు. కానీ తాళం పట్టుకునేది పైనున్న గొళ్లేన్నే, కీళ్లను కాదు. గొళ్లెం ఒకసారి ఊడిందా, మిగతాదంతా పైన చెప్పిన పనే. అలారం మోగుతుందిలే అనుకోకండి. డోరో హుడ్డో తెరిస్తే మోగే అలారం టెయిల్‌గేట్ తెరిస్తే మోగుతుందన్న హామీ అన్ని బండ్లలో లేదు. గుమ్మం మీది కెమెరాలో తెల్లారి చూసుకునే వీడియో అంటారా, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

కొత్త బండ్ల మాట పూర్తిగా తలకిందులు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లు, పికప్పులు దాదాపు అన్నిటికీ రివర్స్ కెమెరా తప్పనిసరి. పికప్పుల్లో అది ఎక్కువగా టెయిల్‌గేట్ హ్యాండిల్ దగ్గరే ఉంటుంది. 2019 మోడల్ జీఎంసీ సియెరాకి రకరకాలుగా మడిచే టెయిల్‌గేట్ వచ్చింది, రామ్ కంపెనీ పికప్‌కి తలుపుల్లా పక్కకి తెరుచుకునేది వచ్చింది. రెక్క ఖరీదైనకొద్దీ దొంగకి లాభం పెరుగుతుంది కానీ భయం పెరగదు. కెమెరా వైరంటారా, కత్తిరించి పోతాడు. అదే మోడల్, అదే రంగు బండి ఉండి, టెయిల్‌గేట్‌కి సొట్ట పడినవాడు ఎక్కడో ఉంటాడు, పెయింట్ ఖర్చు కూడా లేకుండా తగిలించేసుకుంటాడు. పైగా చాలా ఫుల్ సైజ్ పికప్పుల టెయిల్‌గేట్ మీద విన్ నంబర్ (ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబర్) ఉండదు. దొరికినా ఎవరిదని తేల్చాలి? అందుకే లోపలివైపు విన్ నంబర్ చెక్కించుకోమంటారు.

క్లాంప్ విషయానికొద్దాం. ఇది మన ఇళ్లలో గ్యాస్ ట్యూబుకి బిగించే క్లిప్పు లాంటిదే, కాస్త పెద్దది. కుడివైపు కీలు చుట్టూ బిగిస్తే అది గాడిలోంచి పైకి రాదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతకంటే మంచి ఉపాయం లేదు, నేనూ వేయమనే అంటాను. కాకపోతే దాన్ని విప్పేది కూడా స్క్రూడ్రైవరే. స్క్రూ తల చేతికి అందని వైపు తిప్పి బిగిస్తే దొంగకి ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ప్రత్యేకమైన తాళంచెవితోనే విప్పగలిగే కీలు లాకులు మెక్‌గార్డ్ లాంటి కంపెనీలు అమ్ముతాయి, అవి ఇంకాస్త మేలు. ఏది వేసినా గొళ్లేనికి తాళం వేయడం మానొద్దు.

ఇన్సూరెన్స్ గురించి రెండే ముక్కలు. ఎదుటివాళ్ల నష్టానికే డబ్బిచ్చే లయబిలిటీ పాలసీ మాత్రమే ఉంటే పైసా రాదు. దొంగతనానికి వర్తించేది కాంప్రిహెన్సివ్, దాంట్లోనూ ముందు డిడక్టిబుల్, అంటే పాలసీలో మీ వంతుగా రాసిన మొత్తం, మీరే భరించాలి. డిడక్టిబుల్ 1,000 డాలర్లు, పాత బండి రెక్క 800 అయితే క్లెయిమ్ వేసి ఏం లాభం?

పైసా ఖర్చు లేని పని ఒకటుంది, ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు. బండిని వెనక్కి పోనిచ్చి, టెయిల్‌గేట్ కిందికి దిగడానికి చోటు లేనంత దగ్గరగా గోడకి ఆనించి పెట్టడం. గరాజులో పెడితే సరేసరి, కానీ మన గరాజుల్లో బండి కంటే కాస్ట్‌కో డబ్బాలకే చోటెక్కువ. కొన్ని అపార్ట్‌మెంట్లలో వెనక్కి పెట్టి పార్క్ చేయనివ్వరు, ముందు ఆ రూల్ కనుక్కోండి.

ఫార్వర్డ్‌కి ఎవరో తర్వాత ఒక తోక కూడా తగిలించారు: "టెయిల్‌గేట్ తీసి ఇంట్లో పెట్టేయండి, మైలేజీ కూడా పెరుగుతుంది" అని. పెరగదు. రెక్క మూసి ఉన్నప్పుడు బెడ్‌లో గాలి ఒక సుడిలా నిలబడుతుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. రెక్క తీసేస్తే ఆ సుడి చెదిరి, గాలి బండిని పట్టి లాగడం మామూలుగా ఎక్కువే అవుతుంది. రివర్స్ కెమెరా ఉన్న బండైతే అదీ ఇంట్లోనే ఉండిపోతుంది. బెడ్‌లో వేసిన మల్చ్ బస్తా హైవే మీద జారిపడితే టికెట్ కూడా మీ పేరు మీదే వస్తుంది.