శఠగోపం నుంచి దేహశుద్ధి దాకా: గుడి మాటలకు వీధి అర్థాలు

ఎక్కువ వడ్డీ ఆశ చూపి ఊరందరి చేత డిపాజిట్లు కట్టించుకున్న వ్యాపారి ఒక రాత్రి ఇంటికి తాళం వేసి మాయమైతే, మర్నాటి పత్రికలో ‘డిపాజిటర్లకు శఠగోపం’ అన్న శీర్షిక వస్తుంది. దాని అర్థం కోసం ఏ తెలుగు పాఠకుడూ నిఘంటువు తెరవడు. అసలు అర్థంలో శఠగోపమంటే వైష్ణవాలయంలో దర్శనమయ్యాక అర్చకుడు భక్తుల తలపై ఉంచే, విష్ణుపాదాలు చెక్కిన, కిరీటం ఆకారంలోని పాత్ర. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు శఠకోపుడనే పేరుంది. స్వామి పాదాలను ఎన్నడూ విడవని భక్తుడిగా ఆయన పేరే ఆ పాదుకలకు వచ్చిందని వైష్ణవులు చెబుతారు. అంత పూజ్యమైన వస్తువు మోసానికి మారుపేరు కావడం వెనుక చాలా నిశితమైన పరిశీలన ఉంది. శఠగోపాన్ని ఎవరూ బలవంతంగా పెట్టరు, భక్తుడే ముందుకు వచ్చి తల వంచుతాడు. కత్తి చూపి దోచుకున్న దొంగను గురించి చెప్పేటప్పుడు ఈ మాట ఎవరి నోటా రాదు. నమ్మి తల వంచినవాడు నష్టపోయినప్పుడే వస్తుంది.

డబ్బు పోవడాన్ని చెప్పడానికి తెలుగువారు గుడినీ పూజామందిరాన్నీ ఎంతగా వాడుకున్నారో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అప్పు ఎగవేస్తే పంగనామం, పెట్టుబడి తిరిగిరాకపోతే గోవిందా, సంఘం నిధులు తినేస్తే స్వాహా, ఎదుటివాడి సొమ్ము తనదిగా చేసుకుంటే కైంకర్యం. అగ్నిలో హవిస్సు వేసేటప్పుడు పలికే మాట స్వాహా. అలా వేసినది మళ్లీ చేతికి రాదు కనుక ఆ పోలిక అతికినట్టు సరిపోయింది. కైంకర్యమంటే భగవంతుడికి చేసే సేవ. సేవ పేరు చెప్పి సొమ్ము మింగిన పెద్దమనుషులను ఎన్ని తరాలు చూస్తే ఆ మాటకు ఈ అర్థం వచ్చిందో ఊహించుకోవచ్చు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినవి ముడుపు, నిలువుదోపిడి అనే రెండు మాటలు. ఆపద వచ్చినప్పుడు పసుపు గుడ్డలో నాణేలు మూటకట్టి, గండం గట్టెక్కితే కొండకు వచ్చి హుండీలో వేస్తానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకోవడం ముడుపు కట్టడం. ఒంటిమీద ఉన్న నగలన్నీ ఒలిచి స్వామికి సమర్పించే మొక్కు నిలువుదోపిడి. ఈనాటి వార్తల్లో ముడుపులంటే కాంట్రాక్టు దక్కడానికి ఇచ్చే లంచాలు, నిలువుదోపిడి అంటే ఆస్పత్రి బిల్లో కళాశాల ఫీజో సామాన్యుణ్ని పీల్చేయడం. మొదటి మాటలో మారింది ఇచ్చిపుచ్చుకునే స్థలం మాత్రమే; పని జరగాలన్న కోరిక, దానికొక వెల, ఆ వెలను మూటకట్టి దాచడం అన్నీ అలాగే ఉన్నాయి. రెండో దాంట్లో మార్పు లోతైనది. మొక్కులో భక్తుడు తన నగలు తానే ఒలిచి ఇస్తాడు, వార్తలో ఇంకెవరో ఒలుచుకుంటారు. స్వచ్ఛందమైన త్యాగాన్ని సూచించిన మాట నిస్సహాయతను సూచించే మాటగా మారిపోయింది.

ఈ వాడుకను దైవదూషణగా భావించి బాధపడే పెద్దలున్నారు. వారి బాధను కాదనలేను కానీ, ఆ తీర్పుతో ఏకీభవించలేను. గుడికి దూరంగా ఉన్నవారికి శఠగోపం బరువు ఎలా ఉంటుందో తెలియదు. ఈ మాటలను ఇలా మార్చినవారు తీర్థప్రసాదాలు తీసుకునే మనుషులే. వారి ఫిర్యాదు దేవుడి మీద కాదు, నమ్మకాన్ని అడ్డుపెట్టుకున్న మనుషుల మీద.

వాడుక మాటలకు నిఘంటువులో చోటివ్వడంపై మనకు పాత వివాదమే ఉంది. 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యభాషకే పెద్దపీట వేసింది. ప్రజల నోటి మాటలను పక్కన పెట్టడాన్ని గిడుగు రామమూర్తి గట్టిగా విమర్శించారు. తరువాత భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం రైతు మాటలకు శాస్త్రగౌరవం తెచ్చింది. వీధి అర్థాలకు కూడా అంతటి శ్రద్ధ దక్కాలి. ఇప్పుడు ఆ అవసరం రెండు వైపులా ఉంది: ముడుపు అంటే లంచమని మాత్రమే తెలిసిన పిల్లలు నగరాల్లో పెరుగుతున్నారు, నానమ్మ స్వామికి ముడుపు కట్టానంటే వారికి అయోమయంగా ఉంటుంది. రెండో అర్థం రాయకపోతే భాష సగమే నమోదైనట్టు, మొదటిది మరిచిపోతే రెండోదానిలోని పదును కూడా పోయినట్టు.

రాజకీయ వార్తల్లో ఈ కోవ మాటలు మరికొన్ని ఉన్నాయి. నాయకుడు పార్టీ తీర్థం పుచ్చుకుంటాడు, మంత్రికి ఉద్వాసన పలుకుతారు, పథకానికి మంగళం పాడతారు, హైకోర్టు ప్రభుత్వానికి అక్షింతలు వేస్తుంది. వీటివల్ల ఎవరికీ హాని లేదు. ఆశీర్వదించే అక్షింతలు మందలింపుగా మారడంలో కొంత సౌమ్యత కూడా ఉంది.

నా అభ్యంతరమంతా దేహశుద్ధి మీద, దాని తోబుట్టువు బడితెపూజ మీద. వ్రతానికో కర్మకో కూర్చునే ముందు స్నానంతో, పంచగవ్యంతో మనిషి తన శరీరాన్ని తాను శుద్ధి చేసుకోవడం దేహశుద్ధి. వార్తల్లో మాత్రం ‘దొంగకు స్థానికులు దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు’ అని రాస్తారు. ఆ ఒక్క వాక్యంలో మూడు తీర్పులు ఇమిడిపోతాయి: పట్టుబడినవాడు దొంగేనని, అతడి ఒళ్లు మలినమని, కొట్టినవారు చేసింది పుణ్యకార్యమని. శఠగోపం అన్న మాట నష్టపోయినవాడి పక్షాన నిలుస్తుంది, దేహశుద్ధి కొట్టే చేతుల పక్షాన నిలుస్తుంది. ఒకే గుడి నుంచి వచ్చినా ఈ రెండు మాటల నీతి ఒకటి కాదు.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు నమ్మి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం అమాయకుల మీద పడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకుమించి కలిసి చేసే హత్యకు ప్రత్యేకంగా శిక్ష నిర్దేశించింది. చట్టం ఇంత దూరం వచ్చాక కూడా ఒక మనిషిని కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టిన ఘటనకు శుద్ధి అని పేరు పెట్టడం నాకు భరించరానిదిగా తోస్తుంది. చనిపోతే మూకదాడి, బతికి బయటపడితే దేహశుద్ధి అన్నట్టుగా వార్తలు రాయడంలో ఎలాంటి న్యాయమూ లేదు. ఎవరు కొట్టారు, ఎందుకు అనుమానించారు, ఎక్కడెక్కడ గాయాలయ్యాయి, కొట్టినవారిపై కేసు పెట్టారా లేదా అన్న నాలుగు వివరాలతో ‘కొట్టారు’ అని రాస్తే చాలు.