పక్షుల లెక్క ఉంది, గడ్డి లెక్క ఏదీ?

తగ్గిపోయిందనుకున్న ఒక పక్షి జాతి మళ్లీ లక్షల్లోకి చేరిందని వార్త వస్తే సంతోషిస్తాం. సంతోషించాల్సిందే. కానీ అలాస్కా పడమటి తీరంలోని పెద్దబాతుల సంగతి చదివేకొద్దీ ఆ సంతోషం వెనకే నాకు ఒక ప్రశ్న తోస్తోంది: పెరిగిన ఆ పక్షి ఎవరి మేత తింటోంది?

యూకాన్, కుస్కోక్విమ్ నదులు బేరింగ్ సముద్రంలో కలిసే చోట విశాలమైన డెల్టా ఉంది. తీరం పొడుగునా చెట్టన్నది కనిపించని చదును నేల, లెక్కలేనన్ని మడుగులు, ఆటుపోట్లకు తడిసి ఆరే కాలువలు. మంచు కరగడం మొదలవగానే నాలుగు రకాల పెద్దబాతులు గుడ్లు పెట్టడానికి ఇక్కడ దిగుతాయి. తెల్లటి తల, బూడిదరంగు ఒళ్లు ఉన్న ఎంపరర్ బాతు ఒకటి. చిన్నదైన క్యాక్లింగ్ బాతు ఇంకొకటి. నల్లటి బ్రాంట్ మూడోది. ముక్కు మొదట్లో తెల్లని మచ్చ ఉండే వైట్‌ఫ్రంటెడ్ బాతు నాలుగోది. అన్నీ ఒకే కుటుంబం, రెండు శాఖలు. మన మాటల్లో దాయాదులు.

వేట వల్ల, గుడ్లు ఏరుకోవడం వల్ల ఇవి ఎలా కుదేలయ్యాయో ఇక్కడ వివరంగా చెప్పనక్కర్లేదు. 1960ల్లో 4 లక్షల దరిదాపుల్లో ఉన్న క్యాక్లింగ్ బాతులు 1980ల నడిమికి పాతిక వేలకు పడిపోయాయి. ఎంపరర్ బాతులు 1964లో 1.39 లక్షలు, 1986లో 42 వేలు. 1984లో డెల్టాలోని ఆదివాసులైన యూపిక్‌ల గ్రామాలు, ఆ బాతుల్లో కొన్ని చలికాలం గడిపే కాలిఫోర్నియాలోని వేటగాళ్లు, ప్రభుత్వ వన్యప్రాణి శాఖలు కలిసి కూర్చుని హూపర్ బే ఒప్పందం చేసుకున్నాయి. తరతరాలుగా వసంతంలో ఆ పక్షుల మీదే ఆధారపడిన ఊళ్లవాళ్లు తమ నోటి దగ్గరి కూడును వదులుకున్నారు. దానికి ఫలితం దక్కింది కూడా. క్యాక్లింగ్ బాతులు లక్ష దాటాయి, ఇంకా పెరిగాయి. 2.5 లక్షలు లక్ష్యమని రాసుకున్నారు. ఎంపరర్ మాత్రం అలా లేవలేదు. 1987లో ఆపిన దాని వేట మళ్లీ తెరుచుకోవడానికి 2017 దాకా పట్టింది. ముప్ఫై ఏళ్లు!

ఒకే నేల, ఒకే చట్టం, ఒకే రకమైన కాపలా. ఒకటి ఉరికింది, ఇంకొకటి కుంటింది. ఎందుకు?

ప్రకృతే అన్నీ సర్దుకుంటుందని నమ్మేవాళ్లు ఒక మాట అంటారు, అందులో నిజం లేకపోలేదు. ఈ నాలుగూ గూళ్లు కట్టే చోట్లు వేరు. బ్రాంట్ సముద్రపు అంచున గుంపులు గుంపులుగా కడుతుంది. క్యాక్లింగ్ మడుగుల మధ్యలోని చిన్న చిన్న దిబ్బలను పట్టుకుంటుంది. ఎంపరర్ తీరపు పల్లంలో దూరదూరంగా కూర్చుంటుంది. వైట్‌ఫ్రంటెడ్ కాస్త లోపలికి, మెరక వైపు పోతుంది. వేల ఏళ్లుగా ఇలా పంచుకునే బతికాయి కాబట్టి ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుందన్న భయం అక్కర్లేదంటారు వాళ్లు.

ఈ వాదన గూటి దగ్గరే ఆగిపోతుంది. పంపకం గుడ్లు పొదిగే దాకానే. అసలు పేచీ పిల్లలు బయటికొచ్చాక మొదలవుతుంది.

ఎంపరర్ తల్లి దాదాపు 24 రోజులు గుడ్ల మీదే కూర్చుంటుంది. ఆ రోజుల్లో గూడు దిగడం చాలా అరుదు, తిండి లేనట్టే లెక్క. పిల్ల బయటపడి ఒళ్లు ఆరిన ఒకట్రెండు రోజులకే ఆ కుటుంబం గూడు వదిలి మేత వెతుక్కుంటూ నడక మొదలుపెడుతుంది. తల్లిదండ్రులు పిల్లల నోటికి ఏమీ అందించవు, కాపలా కాస్తాయి, అంతే. పైగా ఆ వేసవిలోనే పెద్దవి రెక్కల ఈకలు రాల్చుకుని కొన్ని వారాల పాటు ఎగరలేని స్థితికి వస్తాయి. అరచేతిలో పట్టే ఆ పిల్ల ఏడెనిమిది వారాల్లో సముద్రం మీదుగా ఎగరగలిగేంత కావాలి. అందుకని దాదాపు చీకటి పడని ఆ రోజుల్లో తింటూనే ఉంటుంది. బాతు ఆవులా నెమరు వేయదు. తిన్న గడ్డి గంటా రెండు గంటల్లో బయటికి పోతుంది, పీచు పెద్దగా ఒంటబట్టదు. కాబట్టి ముదిరిన గడ్డి ఎంత ఉన్నా పిల్లకు పనికిరాదు. లేతగా, మాంసకృత్తులు నిండుగా ఉన్నదే కావాలి.

అలాంటిది ఆ తీరంలో ప్రధానంగా ఒక పొట్టి తుంగలో దొరుకుతుంది. ఉప్పునీళ్లు అప్పుడప్పుడు ఎక్కిపోయే కాలువ గట్ల వెంబడి, మడుగుల అంచున, ఎవరో కత్తిరించినట్టు నేలకు అంటుకుని ఉంటుంది. నన్ను కట్టిపడేసిన విషయం ఇదే: ఆ తుంగను పొట్టిగా ఉంచుతున్నది బాతులే. పరిశోధకులు కొన్ని చోట్ల కంచె వేసి బాతులను రానివ్వకుండా చూస్తే, కొన్నేళ్లకు అదే నేల మీద పొడుగాటి తుంగ లేచింది. మేసిన చోట కొత్త చిగుళ్లు వస్తాయి, రెట్ట ఎరువవుతుంది, మళ్లీ మేస్తాయి. అంటే ఈ పచ్చిక దాయాదులందరూ కలిసి సాగు చేసిన ఉమ్మడి చేను. బ్రాంట్, క్యాక్లింగ్, ఎంపరర్ పిల్లలు మూడూ జులైలో చేరేది ఆ పంక్తికే. వేర్వేరు వాకిళ్లలోంచి వచ్చినా వంట ఒకే పొయ్యి మీద.

ఉమ్మడి చేనులో ఒకరి మంద పది రెట్లు పెరిగితే ఏమవుతుందో ఎంపరర్ పిల్లల బరువు చెప్పింది. క్యాక్లింగ్ బాతులు కిక్కిరిసిన చోట పెరిగిన ఎంపరర్ పిల్లలు తేలిగ్గా ఉన్నాయని శాస్త్రవేత్తలు తూచి చూపించారు. నా దృష్టిలో ఇందులో వింతేమీ లేదు. ఒకటిన్నర కిలోల పక్షికి ఎంత పొట్టి గడ్డయినా సరిపోతుంది, రెండున్నర కిలోల పక్షికి ఆ గడ్డితో కడుపు నిండదు. పెద్దబాతుల్లో వేసవి చివరికి సన్నగా మిగిలిన పిల్ల మొదటి చలికాలం దాటడం కష్టమని బ్రాంట్‌ల మీద జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. తుపాకీ పేలలేదు, నక్క రాలేదు. పిల్ల నాలుగు గ్రాములు తగ్గి పెరిగింది, శీతాకాలంలో ఎక్కడో రాలిపోయింది. ఈ చావు ఏ లెక్కలోకీ రాదు.

ఇది ముదిరితే ఏమవుతుందో చూడాలంటే కెనడాలో హడ్సన్ బే తీరానికి పోవాలి. అమెరికా వరి, మొక్కజొన్న పొలాల్లో చలికాలమంతా కడుపునిండా తిన్న స్నో బాతులు చర్చిల్ పట్టణం పక్కనున్న లా పెరూజ్ బేలో విపరీతంగా పెరిగాయి. మొదట్లో వాటి మేత వల్ల పచ్చిక బాగుపడింది. మితం దాటాక వేళ్లతో సహా పెకలించాయి. కప్పు పోయిన నేలలోంచి నీరు ఆవిరై ఉప్పు పైకి తేలింది, ఇక గడ్డి మొలవలేదు. స్నో బాతు పిల్లలే చిక్కిపోయాయి. వాటిని తగ్గించడానికి 1999లో అమెరికా ప్రత్యేక చట్టం చేసి వేటకు పగ్గాలు వదలాల్సి వచ్చింది.

అంతదూరం ఉన్న బాతుల గురించి తెలుగులో ఇంత ఆవేశం దేనికని అడుగుతారేమో. మనమూ అదే తప్పు చేస్తున్నాం కాబట్టి.

2017లో తెలంగాణలో గొల్లకురుమలకు గొర్రెల పంపిణీ మొదలైంది. కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. ఆ పథకం ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, జీవాలు చేతికొచ్చిన ఇల్లు నిలబడుతుంది. కానీ కోటి తొంభై లక్షల తలలను లెక్కపెట్టిన మనం, అవి మేసే బీడును ఎక్కడ లెక్కపెట్టాం? ఊరి పోరంబోకు ప్లాట్లుగా మారింది. బంజర్లలో మొక్కలు నాటి కంచె వేశారు. చెరువు శిఖం కబ్జా అయింది. మిగిలిన ముక్కలోకే పాత మందా వస్తుంది, కొత్త యూనిట్లూ వస్తాయి, మేకలూ బర్రెలూ వస్తాయి. రోడ్డు పక్క గట్టు మీద మందను ఆపుకుని, బళ్లు పోయే దాకా రెండు చేతులూ చాచి జీవాలను అదిమిపెట్టి నిలబడ్డ కాపరిని చూడనివాళ్లు మనలో ఎవరు? ఆయనను అడగండి. గొర్రెల సంఖ్య చెప్పడు, ఈ ఏడు గడ్డి ఎన్ని నెలలొస్తుందో చెబుతాడు. చూడి గొర్రె ఒళ్లు చూసి, ఈనితే పిల్ల బతుకుతుందో లేదో చెబుతాడు. పశుగణన ఫారంలో ఆ గడి లేదు.

మొక్కలు నాటినా అంతే, చేపపిల్లలను చెరువులో వదిలినా అంతే. ఎన్ని వేశామన్నదే పత్రికా ప్రకటనకు ఎక్కుతుంది. అవి దేని మీద బతకాలో ఆ నేల, ఆ నీరు ఎవరి పద్దులోనూ ఉండదు.

అలాస్కాలో దీన్ని దిద్దుకునే వీలు ఇంకా ఉంది. ఏటా వేసవి చివర ఎగరలేని బాతులను వలల దొడ్డిలోకి తోలి కాళ్లకు రింగులు వేస్తారు. తక్కెడ అక్కడే ఉంటుంది. ఒక్కో జాతికి విడివిడిగా ఇన్ని లక్షలని లక్ష్యం పెట్టుకునే బదులు, మొత్తం తీరానికి కలిపి రెండే అంకెలు పెట్టుకోవాలి: పొట్టి తుంగ ఎన్ని ఎకరాలుంది, నెల రోజుల ఎంపరర్ పిల్ల ఎంత తూగుతోంది. ఆ పిల్ల బరువు వరుసగా తగ్గుతుంటే, 2.5 లక్షల లక్ష్యం చేరకపోయినా సరే, క్యాక్లింగ్ బాతుల వేటను సడలించి ఆ వాటా ముందుగా యూపిక్ గ్రామాలకే ఇవ్వాలి. 1984లో ముద్ద వదులుకున్నది వాళ్లే.