అందరికీ వెలిగి, కెమెరాకి మాత్రం వెలగని స్లేవ్ ఫ్లాష్ గారికి

మహారాజశ్రీ స్లేవ్ ఫ్లాష్ గారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం నుంచి మీ యజమాని, ఒక పెళ్ళి ఫోటోగ్రాఫరు, రాసుకున్న విన్నపం. కెమెరా మీది ఫ్లాష్ మెరవగానే అది చూసి, దూరంగా స్టాండు మీద నిలబడ్డ తమరూ మెరవాలి, అదీ తమరి కొలువు. యజమానినని బిల్లు మీద ఉంది కాబట్టి అంటున్నాను, మీరు ఒప్పుకుంటారని కాదు.

ఇవాళ మధ్యాహ్నం పెళ్ళికూతురి మేనమామ గారు స్టూడియోకి వచ్చారు. మూడు గంటలు కూర్చున్నారు. జీలకర్ర బెల్లం ఫోటో దగ్గర ఆగిపోయి, "ఏటి బాబూ, ఆ రాత్రి పందిరంతా మెరిసింది కదేటి, ఫోటో ఏటి ఇలగున్నాది?" అన్నారు. నేనేం చెప్పను? జవాబు చెప్పాల్సిన తమరు బీరువాలో పడుకున్నారాయె.

మెరిశారు, కాదనను. నా ఏడుపంతా అదే. నేను బటన్ నొక్కగానే కెమెరా మీది ఫ్లాష్ ముందు చిన్నగా ఒకసారి మెరుస్తుంది, వెలుతురు కొలుచుకోడానికి. ఆ తర్వాతే షట్టర్ తెరుచుకుని అసలు మెరుపు వస్తుంది. మనుషుల కంటికి రెండూ ఒకటే. తమరి మొహానికున్న కందిగింజంత కన్ను మాత్రం మొదటిదాన్నే పట్టేస్తుంది. "పిలిచారా?" అంటూ ఉన్నదంతా అక్కడే కక్కేస్తారు. తలుపు తెరిచేసరికి మీ దగ్గర చిల్లిగవ్వ ఉండదు. పైగా మీ వెలుగు కూడా కలిపి కొలిచిన కెమెరా, అబ్బో చాలా ఉందనుకుని తన ఫ్లాష్ కూడా తగ్గించేసింది. పురోహితుడికి కనబడ్డారు, సన్నాయి ఆయనకి కనబడ్డారు, వెనక వంటవాళ్ళకి కూడా కనబడ్డారు. పెళ్ళికూతురి నెత్తిన పెట్టిన జీలకర్ర బెల్లం ముద్ద మాత్రం చీకట్లో కలిసిపోయింది.

ఆటోరిక్షా దిగితే అరసవల్లి. అక్కడ సూర్యుడు మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి టైముకొచ్చి స్వామి పాదాలు తాకి వెళ్తాడు. అంత దూరం నుంచి ఆయన రాగలిగితే, ఎనిమిది అడుగుల నుంచి మీకేమిటండీ కష్టం?

పెళ్ళివారి చుట్టం ఎవరో తన బుల్లి కెమెరా నొక్కితే చాలు, వెంటనే వెలుగుతారు. కళింగపట్నం బీచిలో మిట్టమధ్యాహ్నం నేను పిలిస్తే ఎండకి కళ్ళు కనబడవు. నాలుగు బ్యాటరీలూ భోజనాల బంతి మొదలయ్యేసరికి ఖాళీ. ఇవన్నీ సర్దుకున్నాను.

ఎస్2 సంగతి మాత్రం సర్దుకోలేను. వీపు మీది ఆ స్విచ్చిని, మొదటి మెరుపుకే వెలిగే ఎస్1 నుంచి ఎస్2కి తోస్తే మొదటి మెరుపుని వదిలేసి రెండోదానికి వెలుగుతావన్నారు. తోశాను. మళ్ళీ ఎందుకైనా మంచిదని కెమెరా ఫ్లాష్ కూడా మాన్యువల్‌లో పెట్టాను. ఇక ముందు మెరుపు లేదు, ఒక్కటే మెరుపు. తలంబ్రాలు నడుస్తున్నాయి, ముత్యాలు గాల్లో ఉన్నాయి, నువ్వేమో రెండో మెరుపు కోసం కాచుకుని కూర్చున్నావు! ముందొస్తే తొందరపాటు, ఒక్కటే వస్తే అనుమానం. ఒరే, ఏం కావాలిరా నీకు? బానిస అని పేరెట్టారు గానీ ఆ స్టాండు కింద చెమటలు కక్కుతూ నీ మూడ్ కనిపెట్టుకుని ఉన్నది నేను.

అప్పగింతల వేళకి మనిద్దరికీ కుదిరింది. నువ్వు ఎస్1, నా ఫ్లాష్ మాన్యువల్‌లో 1/32, అంటే పూర్తి బలంలో ముప్పై రెండో వంతు. స్తంభానికి ఆనుకుని పెళ్ళికూతురి అమ్మమ్మ కూర్చుంది. నువ్వు పక్కనుంచి పడ్డావు. ముక్కుపుడక మీద ఒక్క చుక్క, చెంప ముడతల్లో నీడ, నెరిసిన జుట్టు చుట్టూ సన్నటి తెల్లగీత.

మేనమామ గారు ఆ ఫోటో దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ. ఇది పెద్దది చేసి ఇయ్యి బాబూ" అన్నారు. జీలకర్ర బెల్లం పేరు చెప్పి వెయ్యి రూపాయలు తగ్గించుకునే వెళ్ళారనుకో.

గురువారం టెక్కలిలో పెళ్ళి. బ్యాటరీలు ఛార్జింగులో పెట్టాను. స్విచ్చిని ఎస్1లోనే ఉంచి పైన ప్లాస్టర్ అంటించాను. పీకావంటే చూడు.