గ్రాస్‌ని బిజినెస్‌తో పోల్చకండి

70 కోట్లకు హక్కులు అమ్మిన (అదే దాని బిజినెస్) సినిమా 100 కోట్ల గ్రాస్, అంటే టికెట్ల మొత్తం వసూలు, దాటింది కాబట్టి బయ్యర్లు (హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్లు) లాభాల్లో పడ్డారని ఒక వ్యాసంలో రాశారు. బ్రేక్ ఈవెన్, అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా అన్నది, చూడాల్సింది డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చే షేర్‌తో, గ్రాస్‌తో కాదు. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్టే తీసుకోండి. 18 శాతం జీఎస్టీ అందులో కలిసే ఉంది. చాలామంది రిపోర్టర్లు 295లోంచి 18 శాతం తీసేసి 242 దగ్గర ఆగుతారు. అది తప్పు. 1.18తో భాగించాలి, అప్పుడు నెట్ 250 వస్తుంది. అందులోంచి మల్టీప్లెక్స్ అయితే తన శాతం, సింగిల్ స్క్రీన్ అయితే అద్దె పోగా మిగిలేదే డిస్ట్రిబ్యూటర్ షేర్.

మొదటి రోజు అంకెల్లో హైర్స్ ఉన్నాయా లేదా అని తప్పకుండా అడగండి. అవి ఎగ్జిబిటర్ ముందుగా కట్టిన ఫిక్స్‌డ్ డబ్బులు, ఆ రోజు తెగిన టికెట్లవి కావు. కలిపేస్తే షేర్ ఉబ్బిపోయి, రెండో రోజు సినిమా ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పాపం, ఆ డ్రాప్ మీద మళ్లీ ఇంకో వార్త! నైజాం హక్కులు ఎంజీ (మినిమం గ్యారంటీ, నష్టమొచ్చినా వెనక్కి రాని డబ్బు) మీద ఇచ్చారా, అడ్వాన్స్ మీదా అన్నదీ కనుక్కోండి. అడ్వాన్స్ అయితే తగ్గిన డబ్బు నిర్మాత వెనక్కి ఇవ్వాలి, నష్టం బయ్యర్‌ది కాదు. పోస్టర్ మీద వేసిన వసూళ్ల అంకె వాడితే ‘నిర్మాతలు ప్రకటించిన’ అన్న మాట హెడ్డింగ్‌లోనే పెట్టండి.