ఫిజిక్స్ చదవాలనుకునే పిల్లలకి తప్పుదారి చూపిస్తున్న నాలుగు సలహాలు

పీయూసీ, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఫిజిక్స్ సైంటిస్టు కావాలంటే మ్యాథ్స్ పేపర్లు తగ్గించుకోవాలట, కావాల్సిన లెక్కలు ఫిజిక్స్ క్లాసులోనే చెప్తారట. థియరీ వైపు వెళ్లేవాళ్లకి ల్యాబ్ దండగట. రెండో ఏడాదికల్లా క్వాంటమ్ కంప్యూటింగ్, బ్లాక్ హోల్స్ లాంటి కోర్సులు పట్టాలట. అన్నిటికన్నా సేఫ్, ముందు బీటెక్ చేసేసి తర్వాత మారడమట. మారతహళ్లిలో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే మన తల్లిదండ్రులు ఇది నమ్మి పిల్లల చదువు నిర్ణయిస్తే నష్టపోయేది పిల్లలే.

మొదటి సలహా అన్నిటికన్నా ప్రమాదం. ఫిజిక్స్ లెక్చరర్ లెక్కలు చెప్పే మాట నిజమే, కానీ ఆ పూట పాఠానికి సరిపడా చెప్పి ముందుకెళ్లిపోతారు. స్ప్రింగుతో కలిపిన రెండు లోలకాల ఊగిసలాట, హైడ్రోజన్ పరమాణువులోని శక్తి స్థాయిలు వేర్వేరు పాఠాల్లా కనిపిస్తాయి. రెండూ ఐగెన్ విలువల లెక్కలే, అంటే ఒక మ్యాట్రిక్స్‌కి ప్రత్యేకమైన కొన్ని సంఖ్యలు కనుక్కునే లీనియర్ ఆల్జీబ్రా లెక్కలే. లీనియర్ ఆల్జీబ్రా వచ్చినవాళ్లు అది చూడగానే పట్టుకుంటారు, రానివాళ్లు రెండుసార్లు బట్టీ పడతారు.

మన సూరి భగవంతం గారినే చూడండి. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఇక్కడి ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి) డైరెక్టర్ అయ్యారు. అణువు సౌష్ఠవాన్ని బట్టి దాని కంపనాల్లో ఏవి రామన్ స్పెక్ట్రంలో (అణువుల మీద పడి చెదిరిన కాంతి రంగుల్లో) కనిపిస్తాయో సౌష్ఠవాన్ని లెక్కల్లో పెట్టే గ్రూప్ థియరీతో తేల్చవచ్చు. ఆ గణితాన్ని ఫిజిక్స్ సమస్యలకి ఎలా వాడాలో వెంకటరాయుడు గారితో కలిసి ఆయన ఏకంగా పుస్తకమే రాశారు. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాంప్లెక్స్ అనాలిసిస్, ప్రాబబిలిటీ, ఈ నాలుగూ వదలకూడదు. బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పాటు కెమిస్ట్రీ (పీసీఎం), ఎలక్ట్రానిక్స్ (పీఎంఈ), కంప్యూటర్ సైన్స్ (పీఎంసీఎస్)లలో ఏది తీసుకోవాలన్నది దీని తర్వాతి ప్రశ్న. ప్రయోగాలంటే ఇష్టముంటే ఎలక్ట్రానిక్స్, సిమ్యులేషన్లంటే ఇష్టముంటే కంప్యూటర్స్.

ల్యాబ్ దండగ అన్నవాళ్లు సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పోలిక్స్ గురించి తెలుసుకోవాలి. 2024 జనవరి 1న ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌తో అంతరిక్షంలోకి వెళ్లిన ఎక్స్‌రే పరికరం అది. ఎక్స్‌రేలు చెదిరి ఏ దిశలో ఎక్కువ పడుతున్నాయో లెక్కపెట్టి వాటి ధ్రువణం, అంటే ఆ తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయో కనుక్కుంటుంది. ఒక పక్క డిటెక్టర్ కాస్త ఎక్కువ స్పందించినా లేని ధ్రువణం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే చూసే దిశనే అక్షంగా చేసుకుని ఉపగ్రహాన్ని మెల్లగా తిప్పుతారు, అప్పుడు ఆ డిటెక్టర్ తేడా అన్ని దిశలకీ సమానంగా పంచుకుపోతుంది. బీఎస్సీలో స్పెక్ట్రోమీటర్ దగ్గర కోణం కొలిచే చిన్న స్కేళ్లు, అదే రెండు వెర్నియర్లూ ఎందుకు చదవమంటారో గుర్తుందా? స్కేలు కేంద్రం తప్పితే వచ్చే దోషం సగటులో కొట్టుకుపోవాలని. ఆలోచన ఒకటే, పరికరం నమ్మించే అబద్ధాన్ని పట్టుకోవడం. థియరీ చేసేవాళ్లు కూడా ఆ కొలతల మీదే సిద్ధాంతాన్ని పరీక్షించాలి. రికార్డు కాపీ కొట్టి మార్కులు వేయించుకుంటే ఇది రాదు.

అడ్వాన్స్‌డ్ కోర్సుల విషయం ఎక్కువ చెప్పక్కర్లేదు. మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, థర్మోడైనమిక్స్, క్వాంటమ్ మెకానిక్స్ గట్టిగా వచ్చాక ఏ కోర్సు తీసుకున్నా లాభమే. ఎమ్మెస్సీ కోసం రాసే జామ్ పరీక్షలో అడిగేదీ చాలావరకు ఈ పునాదే.

ఇక బీటెక్. దారి మూసుకుపోలేదు. ఫిజిక్స్‌లో 1956, 1972ల్లో రెండు నోబెల్‌లు అందుకున్న జాన్ బార్డీన్ మొదట ఎలక్ట్రికల్ ఇంజనీరే. కానీ ఆయన తర్వాత ప్రిన్స్‌టన్‌లో కూర్చుని మ్యాథమెటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశారు. మామూలు బీటెక్‌లో క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ లోతుగా ఉండవు, ఫిజిక్స్ పీహెచ్‌డీ సీట్ల కోసం రాసే గేట్ ఫిజిక్స్ పేపర్లో మాత్రం రెండూ వస్తాయి. సెమిస్టర్ టెన్షన్ల మధ్య అవి సొంతంగా చదువుకోవడాన్ని సేఫ్ అనలేం. ఇప్పటికే ఈసీఈలో ఉండి ఫిజిక్స్ మీద మనసున్న పిల్లలు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ థియరీ, సెమీకండక్టర్ పేపర్లు శ్రద్ధగా చదవండి, ఓపెన్ ఎలెక్టివ్‌లో మ్యాథ్స్ దొరికితే వదలకండి, మూడో ఏడాది మొదలయ్యేలోపు క్వాంటమ్ మెకానిక్స్ లెక్కలు చేతితో చేయడం మొదలుపెట్టండి.