పరిగె పోయింది గానీ కూలి పోలేదు కదా
బైబిల్లో పేదరాలు రూతు, బోయజు అనే రైతు పొలంలో పరిగె (కోతలో రాలి మిగిలిన వెన్నులు) ఏరుకున్న రోజులు పోయాయి, కోత మిషన్లు వచ్చాక పొలం ఓరలు, పరిగె పేదలకు వదలాలన్న లేవీయకాండం 19వ అధ్యాయంలోని ఆజ్ఞ పాటించే వీల్లేదు, బదులుగా క్రిస్మస్‌కు పేదలకు బట్టలు పంచితే చాలు అన్నట్టు ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ కింద వరి. మిషన్ ఎంత తిప్పినా మడి మూలల్లో కొంత వరి నిలబడే ఉంటది. దాన్ని కూడా కొడవలితో కోసి మిషన్ ముందల వేసేదాకా మాకు నిద్ర పట్టదు. పొలం ఓరలను పూర్తిగా కోయొద్దన్న మాటకు ఇంతకంటే సూటిగా ఎదురుపోవడం ఉంటదా? సరే, నాలుగు దుబ్బుల వడ్లతో ఇవాళ ఎవరి కడుపూ నిండదు, రేషన్ బియ్యం వస్తున్నయి, అది పక్కన పెడదాం. అదే అధ్యాయంలో 13వ వచనం మాటేమిటి? కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. దానికి ఏ మిషనూ అడ్డం రాదు. పత్తి ఏరే రోజుల్లో సాయంత్రం కాంటా పెట్టి, ఎవరెన్ని కిలోలు ఏరారో నోటుబుక్కులో రాసుకుని, ‘పత్తి అమ్మినంక ఇస్తాలే అక్కా’ అనేవాళ్లలో ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాళ్లూ ఉన్నారు. రేటు పెరుగుతదని పత్తి ఇంట్లోనే పెట్టుకుంటే ఆ కూలి సంక్రాంతి దాటినా రాదు. కోత పండుగ నాడు గుడికి బస్తా మోసుకొచ్చేదీ వాళ్లే. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నా, ఆ వాక్యం మీద కోత పండుగ ప్రసంగం నేనైతే మా దగ్గర వినలేదు. మలాకీ గ్రంథంలోని దశమభాగం (పదో వంతు దేవునికివ్వాలన్న మాట) మాత్రం ఏటా వింటున్నం.